రెండు వందల ఎనభై కిలోమీటర్ల తర్వాత

బూట్ల ఫ్యాక్టరీలో ఆమెను అసలు పేరుతో పిలిచేది హాజరుపట్టీ చదివే గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆమె మీటరక్క. గేటు నుంచి కుట్టుమిషన్ల హాలుకి ఎంత దూరమని అడిగితే నూట పన్నెండు అడుగులని ఠక్కున చెప్పేది. వానాకాలంలో అయితే నూట ఇరవై, మధ్యలో గుంట చుట్టి రావాలి కాబట్టి. సిటీబస్సు నడిపే భర్త కూడా ఇంట్లో ఆ పేరుతోనే ఆటపట్టించేవాడు. "నా బస్సులో మీటరు చెడిపోయినా ఫర్వాలేదు, ఇంట్లో ఒకటుంది" అనేవాడు.

ఆమె పని పరుగెత్తడం. కొండదారుల్లో పరుగెత్తేవాళ్ల కోసం ఫ్యాక్టరీ కొత్త రకం బూటు చేసినప్పుడల్లా, దుకాణాలకి వెళ్లకముందే ఒక జత ఆమె కాళ్లకి వచ్చేది. ఫ్యాక్టరీ వెనకాల ఒక గుట్ట, దాని చుట్టూ ఎనిమిది కిలోమీటర్ల కాలిబాట ఉన్నాయి. కంకర, చెట్ల వేళ్లు, బంకమట్టి, ఇసుక, అన్నీ ఆ ఒక్క బాటలోనే. వారానికి ఆరు రోజులు ఆ బాటన తిరిగి, ఒక్కో జత మీద ఆరు వందల కిలోమీటర్లు పూర్తిచేసి, ఎన్నో కిలోమీటరు దగ్గర బూటులో ఏం మారిందో రాసివ్వాలి. కొత్త బూటు మొదటి రోజు ఎవరికైనా బాగానే ఉంటుంది. మూడో నెలలో ఎలా ఉంటుందో చెప్పడానికే ఆమె.

ఈ ఉద్యోగం ఆమెకి చిత్రంగా దొరికింది. పన్నెండేళ్లు కుట్టుమిషను ముందు కూర్చుని బూటు పైభాగాలు కుట్టింది. అప్పట్లో పరుగు పెట్టే అమ్మాయి మానేసి వెళ్లిపోతే, ఆడవాళ్ల నమూనా బూటు సరిపోయే పాదం ఎవరికుందా అని హాలంతా వెతికారు. నమూనా బూట్లన్నీ ఒకే సైజులో చేస్తారు. ఆ సైజు పాదాలు హాలులో ముగ్గురికే ఉన్నాయి. ఒకామె నిండు చూలాలు, ఇంకొకామె పరుగు పేరెత్తితేనే పకపకా నవ్వింది. మిగిలింది ఈమె. "నన్ను ఉద్యోగానికి తీసుకున్నది నన్ను చూసి కాదు, నా పాదాల్ని చూసి" అని చెప్పుకునేది. మొదటి నెల ఆయాసంతో చచ్చింది. రెండో నెలకి గుట్ట మీద గాలి అలవాటైంది. ఏడాది తిరిగేసరికి, మళ్లీ కిటికీలేని ఆ హాలులో కూర్చోమంటే ప్రాణం పోయినంత పనయ్యేలా తయారైంది.

అంత ఇష్టమైన పనికి రెండేళ్ల కింద గండం వచ్చింది. దిగుడులో కుడికాలి చీలమండ మెలిపడి మూడు నెలలు మంచం మీద ఉంది. తిరిగి వచ్చిన రోజున టెస్టింగ్ విభాగం పెద్ద, అందరూ మేడమ్ అని పిలిచే ఆవిడ, భుజం మీద చెయ్యేసి మెల్లగా అంది: "నీకిప్పుడు నలభై నాలుగు కదా. కావాలంటే ప్యాకింగ్‌లో కూర్చుని చేసే పని ఉంది. ఆలోచించు." మంచి మనసుతోనే అంది. కానీ ఆ మాట మీటరక్క చెవిలో చెవిపోగులా వేలాడుతూ ఉండిపోయింది.

అది జరిగిన రెండేళ్లకి, వానలు మొదలయ్యే ముందు కొత్త జత వచ్చింది. నీలం రంగు, పసుపుపచ్చ లేసులు. అన్ని జతల్లాంటిది కాదిది. దీని అడుగు రబ్బరు కలిపింది ఆమె సొంత తమ్ముడు. అదే ఫ్యాక్టరీలో రబ్బరు కలిపే విభాగంలో పదిహేనేళ్లుగా ఉన్నాడు. ఇన్నాళ్లూ ఎవరో చెప్పిన పాళ్లు కలపడమే తప్ప తన సొంత మిశ్రమం బయటికి వెళ్లడం ఇదే మొదలు. తడి రాయిని కూడా వదలకుండా పట్టుకునే మెత్తటి రబ్బరు కావాలని రెండేళ్లు తంటాలుపడి, ఏదో కొత్త నూనె కలిపి దీన్ని సాధించాడు.

"అక్కా, నా పిల్లని నీ కాళ్లకి అప్పజెప్తున్నా. కొంచెం చూసి తొక్కు" అన్నాడు డబ్బా చేతికిస్తూ.

"తొక్కడానికేరా ఇచ్చింది. ముద్దు చేయడానికా?" అంది.

మొదటి యాభై కిలోమీటర్లు ఆమె వంక పెట్టడానికి వెతికింది. లేసుల కింద ఉండే నాలుక అంచు కుడి పాదం మీద కొద్దిగా ఒరుసుకుంది, మేజోడు పైకి లాక్కుంటే సరిపోయింది. లేసులు తడిస్తే ముడి వదులవుతోంది. అంతే. బంకమట్టిలోంచి కాలు తీస్తే అడుగున ఉండే రబ్బరు పళ్ల మధ్య మట్టి నిలవకుండా రెండడుగుల్లోనే రాలిపోతోంది. వంద కిలోమీటర్లకి అడుగు రబ్బరు పైనున్న మెత్త ఆమె బరువు నేర్చుకుంది. మడమ కింద గుంట ఏర్పడింది, కానీ అణగారిపోలేదు. ఇక పాకుడుబండ దగ్గర ఆ జోడు చేసిన పని చూసి ఆమెకే ముచ్చటేసింది.

పాకుడుబండ అంటే బాటకి అడ్డంగా వాగు పారే చోట ఏటవాలుగా ఉన్న ఒక పెద్ద రాయి. దిగితే పన్నెండడుగులు. ఏడాది పొడుగునా తడే, పైన పచ్చటి పాచి. ఏ బూటైనా అక్కడ కాస్త ఆలోచించి అడుగు వేయాల్సిందే. ఈ జోడుతో ఆమె మెట్లు దిగినట్టు దిగిపోయింది. నివేదికలో తడి రాయి మీద పట్టు అన్న గడిలో ఐదుకి ఐదు వేసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎప్పుడూ వెయ్యని అంకె అది. తమ్ముడికి చెబితే చిన్నపిల్లాడిలా ఫోనులోనే గంతులేశాడు.

ఆరో వారం వచ్చేసరికి సన్నటి జల్లు మొదలైంది. రెండు వందల ఎనభయ్యో కిలోమీటరు. పాకుడుబండ మీద ఏడో అడుగులో కుడికాలు బెత్తెడు జారింది. పడలేదు. చేతులు గాల్లో ఆడించి నిలదొక్కుకుంది. మిగతా ఐదడుగులు ముసలమ్మలా చేతులు ఆనించి దిగింది.

మర్నాడు మళ్లీ జారింది. మళ్లీ కుడికాలే.

అడుగున పళ్లు చూసింది. అరగలేదు. కొత్తవాటిలాగే నిలువునా ఉన్నాయి. మరి రబ్బరు సరిగ్గానే ఉంటే జారుతున్నది ఏమిటి? ఆ ప్రశ్న వేసుకోగానే చీలమండలో పాత నొప్పి, ఉందో లేదో తెలియనంత సన్నగా, తొంగిచూసినట్టయింది. అక్కణ్నుంచి ఆమెకి మనశ్శాంతి పోయింది.

పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడి అంకెలు లెక్కపెట్టుకునేది. ఎడమకాలి మీద నలభై. కుడికాలి మీద పద్దెనిమిదికే ఒళ్లు ఊగేది. ఒకరోజు ఇరవై ఒకటి వస్తే ఆ పూటంతా హాయిగా ఉండేది. మర్నాడు పదిహేను దగ్గరే కాలు దిగితే అన్నం సహించేది కాదు. ఇంట్లో మెట్లు దిగుతూ గోడ పట్టుకోవడం మొదలుపెట్టింది. కాలేజీలో చదివే కూతురు అది కనిపెట్టేసింది.

"అమ్మా, ఏంటా కొంగజపం? కాలు నొప్పా?"

"నొప్పి లేదు గిప్పి లేదు. వ్యాయామం."

"వ్యాయామమైతే మొహం అలా ఎందుకు పెడతావు? నాన్నకి చెప్పనా?"

"చెప్పావంటే చూడు. ఆయన బస్సాపి మరీ వచ్చేస్తాడు."

కూతురు నవ్వింది కానీ నమ్మలేదు.

నిజం తేల్చుకోవడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదని మీటరక్కకి తెలుసు. స్టోర్‌రూములో అదే రకం కొత్త జత ఇంకొకటి ఉంది. రెండూ తీసుకుని పాకుడుబండ దగ్గరికి వెళ్లాలి. అదే కాలు, అదే రాయి, అదే పూట. ముందు పాత జత, తర్వాత కొత్త జత. కొత్త జత కూడా జారితే తప్పు కాలిది. కొత్తది జారకపోతే తప్పు రబ్బరుది. పావుగంట పని. కానీ కాలిదని తేలితే ప్యాకింగ్ గది. రబ్బరుదని తేలితే తమ్ముడి రెండేళ్ల కష్టం. ఏ జవాబూ తనకి అక్కర్లేదు. అందుకే ఆ పావుగంట ఆమెకి రోజూ దొరకలేదు. ఇవాళ వాన ఎక్కువ, రేపు చూద్దాం. రేపు స్టోరు తాళం ఎవరి దగ్గరుందో.

మధ్యలో ఎవరికీ చెప్పకుండా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన చీలమండని అటూ ఇటూ వంచి చూశాడు.

"పాత దెబ్బ తగిలిన చోట కీలుని బిగించి ఉంచే లిగమెంట్ కొంచెం సడలిందమ్మా. వయసు కూడా ఉంటుంది కదా. బ్యాలెన్స్ వ్యాయామాలు చెప్తాను, రోజూ చెయ్యండి."

"పరుగెత్తొచ్చా?"

"పరుగెత్తొచ్చు. జారే చోట్ల మాత్రం జాగ్రత్త."

జారే చోటే తన ఉద్యోగమని ఆయనకి చెప్పలేకపోయింది. అయితే బయటికి వస్తుంటే ఒక పక్క దిగులూ ఇంకో పక్క ఏదో ఊరటా కలిగాయి. కాలిదే తప్పు. తమ్ముడిది కాదు. అంత తేలిగ్గా ఆ మాటని పట్టేసుకుంది. కాలిదే తప్పైనప్పుడు బూటుకి మార్కులు ఎందుకు తగ్గించాలి? ఆ వారం నివేదికలో పట్టు గడిలో నాలుగు వేసింది. పై వారమూ నాలుగే. తాను బండ మీద పరుగెత్తడం మానేసి పక్కనున్న పొద కొమ్మలు పట్టుకుని దిగుతున్న సంగతి ఏ గడిలోనూ రాయలేదు.

తమ్ముడు మాత్రం ప్రతి ఆదివారం పొద్దున్నే ఫోను చేసేవాడు.

"ఎలా ఉందక్కా నా పిల్ల?"

"బాగుందిరా."

"మూడొందలు దాటేశావంటగా! మేడమ్ చెప్పారు. వచ్చే నెల దుకాణాలకి పంపడానికి పెద్ద మిషన్ల మీదికి ఎక్కిస్తారట. డబ్బా మీద నా పేరుండదనుకో, కానీ నాకు తెలుసు, నీకు తెలుసు. చాలు కదా?"

"చాలు" అనేది. ఆ ఒక్క మాట అనేసి ఫోను పెట్టేసేది.

ఆ గుట్ట మీద పరుగెత్తేది ఆమె ఒక్కతే కాదు. మగవాళ్ల సైజుకి ఇంకో మనిషి ఉన్నాడు. ముందు ఇంటింటికీ ఉత్తరాలు పంచే పని చేసి ఇక్కడికొచ్చాడు కాబట్టి పోస్ట్‌మ్యాన్ అన్న పేరే నిలిచిపోయింది. ఆమెకంటే ఏడేళ్లు చిన్న, చలాకీ మనిషి. అతని జత రెండు వారాలు ఆలస్యంగా మొదలైంది. అందుకని ప్రతి సోమవారం ఆమె నివేదిక తీసుకుని శ్రద్ధగా చదువుకునేవాడు. "నువ్వు ముందు పోయే బస్సువి అక్కా. ఎక్కడ గుంత ఉందో నీ వెనకాల వచ్చేవాడికి ముందే తెలిసిపోతుంది" అనేవాడు.

ఆ గురువారం మేడమ్ అతనికి వేగంగా దిగే పరీక్ష పెట్టింది. గుట్ట పైనుంచి కిందికి ఆగకుండా, గడియారం పెట్టుకుని. అప్పటికి అతని జత మూడు వందల పది దాటింది. మీటరక్క ఆ పొద్దున తన ఎనిమిదిలో ఆరు కిలోమీటర్లు ముగించుకుని, బండ కింద వాగు ఒడ్డున బూట్లు విప్పి కూర్చుంది. పైనుంచి అతని అడుగుల చప్పుడు వినిపించింది. చప్పుడు బండ దగ్గరికి వస్తున్నా మందగించలేదు.

"ఆగు, మెల్లగా..." అని లేచి అరిచింది.

నోట్లో మాట నోట్లోనే ఉంది. అతని రెండు కాళ్లూ ఒక్కసారే గాల్లోకి లేచాయి. ఎడమచెయ్యి రాయికి ఆనించి పడ్డాడు. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడు వచ్చింది. ఆమె చెప్పుల్లేని కాళ్లతో నీళ్లలో పడుతూ లేస్తూ దగ్గరికి వెళ్లేసరికి, అతను కూర్చుని తన మణికట్టుని పరాయివాడి చేతిని చూసినట్టు చూస్తున్నాడు. మొహంలో రక్తం లేదు.

"నాలుగు వేశావు కదా అక్కా పట్టుకి" అన్నాడు. నిందగా అనలేదు. నిజంగా అర్థంకాక అడిగాడు. "అందుకే చూసుకోలేదు."

ఆమె మెడలో తుండు తీసి చేతికి కట్టి, భుజం ఆసరా ఇచ్చి కిందికి నడిపించుకొచ్చింది. రెండు కిలోమీటర్లు. దారంతా అతనే మాట్లాడాడు, నొప్పి తెలియకుండా ఉండటానికి. ఒక వీధిలో కుక్క తరిమితే ఉత్తరాల సంచితో గోడెక్కిన కథేదో చెప్పాడు. ఆమె ఊఁ కొడుతూనే ఉంది కానీ ఒక్క ముక్కా చెవికెక్కలేదు.

ఆసుపత్రిలో ఎముక రెండుచోట్ల విరిగిందన్నారు. అతని భార్య పరుగున వచ్చి, మీటరక్క చేతులు పట్టుకుని, "మీరు పక్కనుండబట్టి సరిపోయింది వదినా, లేకపోతే ఏమైపోయేవాడో" అంది. ఆ మాట తిట్టుకంటే ఘోరంగా తగిలింది. మీటరక్క చేతులు విడిపించుకుని బయటికి నడిచింది.

అక్కణ్నుంచి నేరుగా ఫ్యాక్టరీకి వచ్చింది. స్టోరు తాళం అడిగితే ఇచ్చారు. ఇన్ని రోజులూ అడగడమే తరువాయి. కొత్త జత తీసుకుని గుట్టకి తిరిగి వెళ్లింది. వాన ఆగింది, బండ మాత్రం తడిగానే ఉంది. ముందు నాలుగు వందల పది కిలోమీటర్లు నడిచిన తన జత తొడుక్కుని, కొమ్మ పట్టుకోకుండా, కుడికాలి మీద బరువు వేసి దిగింది. మూడో అడుగులోనే జారింది. కూర్చుండిపోయింది. లేచి మళ్లీ పైకెక్కి దిగింది. మళ్లీ జారింది. ఎడమకాలు కూడా జారింది ఈసారి. ఇన్నాళ్లూ భయంతో కుడికాలినే కనిపెట్టుకుని ఉండటం వల్ల ఎడమదాని సంగతి గమనించనేలేదు.

తర్వాత అదే బండ మీద కూర్చుని కొత్త జత వేసుకుంది. దిగింది. పన్నెండడుగులూ రాయిని పట్టుకున్నాయి. మళ్లీ దిగింది. ఆరుసార్లు ఎక్కి ఆరుసార్లు దిగింది. ఒక్కసారీ జారలేదు. చీలమండ ఊగింది, అది నిజమే. కానీ పాదం నిలిచింది.

మేడమ్ గదిలోకి రెండు జతలూ పట్టుకుని తడి బట్టలతోనే వెళ్లింది.

"రబ్బరు గట్టితనం చూసే మీటరు ఉంది కదండీ, ఒకసారి రెండింటికీ పెట్టి చూడండి."

చిన్న గడియారంలాంటి పరికరం అది. దాని సూదిని రబ్బరుకి నొక్కితే ముల్లు తిరుగుతుంది. కొత్త జతకి ముల్లు అరవై దగ్గర ఆగింది. పాత జతకి డెబ్బై మూడు చూపించింది. మేడమ్ కళ్లద్దాలు నెత్తి మీదికి తోసి మూడుచోట్ల నొక్కి చూసింది. ఎక్కడ నొక్కినా అంతే. పళ్లు అరగలేదు, రబ్బరే లోపల్లోపల రాయిలా బిగుసుకుపోయింది.

"ఇది ఎప్పట్నుంచి?" అని అడిగింది.

ఇక్కడ మీటరక్క అబద్ధం చెప్పి ఉండవచ్చు. ఇవాళే గమనించానని అంటే అడిగేవాళ్లు లేరు.

"రెండొందల ఎనభై నుంచి జారుతోందండీ. దాదాపు మూడు వారాలు. నా కాలే పాడైందనుకున్నాను. చెబితే ప్యాకింగ్‌కి పంపిస్తారని భయమేసింది. తమ్ముడి పని అని కూడా... నాలుగు అని రాశాను. బండ మీద పరుగెత్తడమే మానేసి కూడా నాలుగు అని రాశాను. పోస్ట్‌మ్యాన్ చెయ్యి విరిగింది నా మూలంగానే."

మేడమ్ రెండు జతల్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. బయట మిషన్ల హోరు వినిపిస్తోంది. "ప్యాకింగ్ మాట నేను అన్నది నీ మంచికి" అంది. "అది నీకు బెదిరింపులా వినబడుతుందని నాకు తట్టలేదు. కానీ అది నీ రాతకి సాకు కాదు."

"కాదండీ."

"నెల రోజులు గుట్ట ఎక్కొద్దు. ఆ తర్వాత కూడా నీ నివేదిక మీద ఇంకొకళ్ల సంతకం ఉండాలి. పోస్ట్‌మ్యాన్‌కి మాత్రం ఈ సంగతి నేను చెప్పను. నువ్వే చెప్పుకో."

చెప్పింది. ఆ సాయంత్రమే. కట్టుతో మంచం మీద కూర్చున్న అతను విని కట్టు ఒళ్లోకి సర్దుకున్నాడు. "నాకు కూడా రెండుసార్లు కొద్దిగా జారిందక్కా" అన్నాడు. "నువ్వు నాలుగు వేశావు కాబట్టి నేనే సరిగ్గా తొక్కలేదనుకున్నా." "ఇప్పుడు వెళ్లు. కోపం తగ్గాక నేనే ఫోను చేస్తా" అన్నాడు. చెయ్యడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ ఫోను మోగినప్పుడల్లా ఆమె పరుగున వెళ్లి చూసుకునేది.

తమ్ముడు అంతకంటే ఎక్కువ రోజులు తీసుకున్నాడు. పెద్ద మిషన్లు ఆపించారు. అతని రబ్బరుని మళ్లీ పరీక్షకి తీశారు. ముందు జరిపిన పరీక్ష వేడిపెట్టెలో వారం రోజులు ఉంచి చూసినది, అందులో గట్టిపడలేదు. కానీ గుట్ట మీద బూటు రోజూ రాపిడికి వేడెక్కుతుంది, వాగునీళ్లలో నానుతుంది, మళ్లీ ఆరుతుంది. అలా నానీ ఆరీ ఆ కొత్త నూనె కొద్దికొద్దిగా బయటికి పోతోందని తేలింది. ఆ సంగతి తేలిన రోజున తమ్ముడు ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"జారిన మొదటి రోజే చెప్పుంటే నేనే ఆపించేవాణ్ని. నా అంతట నేను ఆపించుకున్నట్టుండేది. ఇప్పుడు అందరి ముందూ దోషిలా నిలబెట్టావు."

"నిన్ను కాపాడదామనుకున్నారా."

"నన్ను కాపాడమని నిన్నెవరడిగారు?" అని వెళ్లిపోయాడు. పదకొండు రోజులు మాటల్లేవు. ఆమె భర్త మధ్యవర్తిగా వెళ్లబోతే, "మీరు బస్సు నడపండి బావా, దీన్ని మాకొదిలేయండి" అన్నాడట.

ఆ నెల ఆమె ఫ్యాక్టరీలో ఎక్కడికి వెళ్లినా మాటలు ఆగిపోయేవి. క్యాంటీన్‌లో పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. డాక్టరు చెప్పిన వ్యాయామాలు దాచకుండా ఇంట్లో ముందుగదిలో అందరి ముందే చేసింది. కూతురు పక్కన నిలబడి అంకెలు లెక్కపెట్టేది. ముప్పై దాటిన రోజున ఇద్దరూ చప్పట్లు కొట్టారు. కానీ ఆ ముప్పై రేపు ఉంటుందో లేదోనన్న బెంగ మాత్రం పోలేదు.

పన్నెండో రోజు పొద్దున్నే తలుపు తట్టిన చప్పుడైంది. తమ్ముడు. చేతిలో పోస్ట్‌మ్యాన్ వేసుకున్న జత ఉంది. అతనిదీ తమ్ముడిదీ ఒకటే సైజు.

"పద అక్కా. ఆ బండేదో చూపించు."

"ఇప్పుడా? నేను గుట్ట ఎక్కకూడదన్నారుగా."

"నడిచి ఎక్కొద్దని అనలేదుగా. పదిహేనేళ్లుగా రబ్బరు కలుపుతున్నా, ఆ రాయి మొహం చూడలేదు నేను."

ఇద్దరూ నడిచే వెళ్లారు. దారిలో అతను రెండుసార్లు ఆగి ఆయాసం తీర్చుకున్నాడు. బండ దగ్గరికి వచ్చి, ఆమె వద్దంటున్నా వినకుండా, ఆ గట్టిపడిన జతతో దిగబోయాడు. రెండో అడుగులోనే ధబేలున కూలబడి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే జారుతూ వెళ్లి నీళ్లలో పడ్డాడు. ఆమె పరుగున వెళ్లి చూస్తే, నడుం దాకా తడిసి, దెబ్బలేమీ తగలకుండా, ఎగాదిగా బండవైపు చూస్తున్నాడు.

"ఇలాంటి దాని మీద రోజూ పరుగెత్తుతున్నారా మీరు?" అన్నాడు.

"రోజూ."

"నా పరీక్షపెట్టెలో వానే లేదక్కా." మొహం తుడుచుకున్నాడు. నీళ్లో కన్నీళ్లో ఆమె అడగలేదు. చెయ్యి అందించింది. పట్టుకుని లేచాడు.

రెండో మిశ్రమం తయారవడానికి నాలుగు నెలలు పట్టింది. ఈసారి నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి చూసే పరీక్ష తమ్ముడే కనిపెట్టి పెట్టాడు. పోస్ట్‌మ్యాన్ చెయ్యి అతుక్కుంది కానీ మణికట్టు పూర్తిగా వంగదు. అయినా తిరిగి వచ్చాడు. ఇప్పుడు ఇద్దరూ ఒకే రోజున ఒకే కిలోమీటరు దగ్గర మొదలుపెట్టి, ఒకరి రాత మీద ఒకరు సంతకం చేస్తారు. కొత్త జతతో బండ దిగిన ప్రతిసారీ మీటరక్కకి అరచేతులు చెమర్చేవి. మూడు వందలు దాటినా, నాలుగు వందలు దాటినా ఆ చెమట తగ్గలేదు. రబ్బరు మాత్రం నిలిచింది. అరవై ఒకటి, అరవై రెండు, అక్కడే ఆగింది.

నాలుగు వందల డెబ్బై దగ్గర ఎడమ బూటు మడమ వెనకాల లోపలి గుడ్డ చిరిగి పాదం ఒరుసుకుపోయింది. ఆమె ఆ రోజే రాసింది, చిరుగు ఎంత పొడుగుందో కొలిచి మరీ. పోస్ట్‌మ్యాన్ సంతకం పెట్టాడు. ఆదివారం తమ్ముడు ఫోను చేస్తే భయపడుతూనే ఉన్నదున్నట్టు చెప్పింది.

"లోపలి గుడ్డా?" అన్నాడు. "అమ్మయ్య. అది కుట్టేవాళ్ల పని. నీ పాత హాలు వాళ్లకే చెప్పుకో వెళ్లు!"